కంటి లెన్స్ పక్కకు జరిగితే...

"ఆరు నెలలకోసారి అద్దాలు మారుస్తున్నాం సిస్టర్, అయినా వీడికి బోర్డు కనబడటం లేదట" అని కొందరు తల్లులు మాతో అంటుంటారు. అలాంటి పిల్లల్లో కొద్దిమందికి అసలు లోపం అద్దాల్లో ఉండదు, కంటిలోని లెన్స్ తన చోటు నుండి జరిగి ఉంటుంది.

ఎందుకు జరుగుతుంది?

కంటిపాప వెనుక ఉండే లెన్స్‌ను, ఉట్టిని తాళ్ళు పట్టి ఉంచినట్లు, చుట్టూ సన్నని పోగులు పట్టి ఉంచుతాయి. కొన్ని కుటుంబాల్లో ఈ పోగులు పుట్టుకతోనే బలహీనంగా ఉంటాయి. ఇది గ్రహణం వల్లనో, గర్భవతిగా ఉన్నప్పుడు తల్లి చేసిన పొరపాటు వల్లనో వచ్చేది కాదు.

ముఖ్య కారణం మార్ఫాన్ సిండ్రోమ్. దీనికి మూలమైన జన్యువును 1991లో గుర్తించారు. వీరు సాధారణంగా పొడవుగా, సన్నగా, పొడవైన వేళ్ళతో ఉంటారు. లెన్స్ ఎక్కువగా పైకి జరుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

రెండవది హోమోసిస్టిన్యూరియా. మేనరికపు పెళ్ళిళ్ళలో దీనికి అవకాశం ఎక్కువ. ఇందులో లెన్స్ ఎక్కువగా కిందికి జారుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ ఉంటుంది. కొందరికి విటమిన్ బి6తో మేలు కలుగుతుంది.

ఆపరేషన్ ఎప్పుడు?

అందరికీ అవసరం లేదు. అద్దాలతో చూపు సరిపోతే పరీక్షలు చేయించుకుంటూ ఉంటే చాలు. లెన్స్ అంచు కంటిపాప మధ్యకు వచ్చి అద్దాలతో చూపు రానప్పుడు, కంటి ఒత్తిడి పెరిగినప్పుడు, శుక్లం ఏర్పడినప్పుడు ఆపరేషన్ చేస్తారు. చిన్నపిల్లల్లో ఆలస్యం చేయకూడదు. మెదడు చూడటం నేర్చుకునేది చిన్న వయసులోనే; ఆ కాలం దాటితే ఆపరేషన్ బాగా జరిగినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

ఆపరేషన్‌కు ముందు మార్ఫాన్ ఉన్నవారికి గుండె ఎకో పరీక్ష తప్పనిసరి. గుండె నుండి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బి ఉంటే అది ప్రాణానికే ప్రమాదం. హోమోసిస్టిన్యూరియా సంగతి మత్తు డాక్టరుగారికి ముందే చెప్పాలి.

ఏం చేస్తారు?

జరిగిన లెన్స్‌ను, దానితోపాటు ముందుకు వచ్చిన జిగురు పదార్థాన్ని తీసివేస్తారు. పట్టు లేనందున మామూలు శుక్లం ఆపరేషన్‌లో లాగా కొత్త లెన్స్ నిలవదు. అందుచేత మూడు మార్గాలున్నాయి. లెన్స్ పెట్టకుండా సోడాబుడ్డి అద్దాలు లేదా కాంటాక్ట్ లెన్స్ ఇవ్వడం ఒకటి. లెన్స్ సంచి బాగుంటే 1998లో డాక్టర్ సియోని తెలిపిన రింగుతో దానిని తెల్లగుడ్డుకు కుట్టి, అందులో లెన్స్ పెట్టడం రెండవది. లెన్స్‌ను నల్లగుడ్డు పొరకు గానీ, తెల్లగుడ్డుకు గానీ బిగించడం మూడవది. జిగురుతో బిగించే పద్ధతిని 2007లో చెన్నైలో డాక్టర్ అమర్ అగర్వాల్ ప్రారంభించారు.

ఇంటి దగ్గర

కన్ను నలపనివ్వకండి. చుక్కల మందు వేళకు వేయండి. బాగా కనిపించే కంటికి ప్యాచ్ కట్టమంటే, పిల్లవాడు ఏడ్చినా కట్టండి. రెటీనా ఊడే ప్రమాదం జీవితాంతం ఉంటుంది గనుక ఏటా పరీక్ష మానకండి.

కంటిలో మెరుపులు, నల్ల చుక్కలు, తెర పడినట్లు కనిపించినా, ఆపరేషన్ కాని కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రండి.

ఒక బిడ్డకు ఈ లోపం ఉందని తెలిస్తే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను, తల్లిదండ్రులను కూడా చూపించండి. కంటి దగ్గర మొదలైన పరీక్ష వారిలో ఒకరి గుండెను సమయానికి కాపాడవచ్చు.