మీకు తెలుసా? ఏటి రాతి మీది జిగటలో కొత్త జాతి

ఏట్లో దిగి రాయి మీద కాలు పెట్టగానే సర్రున జారుతుంది కదా, ఆ రాయికి అంటుకున్న గోధుమరంగు జిగట పొరలో లక్షలకొద్దీ డయాటమ్‌లు ఉంటాయని మీకు తెలుసా? ఒక్కో డయాటమ్ ఒకే ఒక్క కణం. దాని చుట్టూ ఉండే గోడ సిలికాది, అంటే గాజును తయారుచేసే పదార్థానిదే. చాలావాటి పొడవు మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది. ఇంత చిన్నవే అయినా, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు అయిదో వంతు వీటి పనే.

1703లో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి చెరువు మొక్క వేళ్లకు అంటిన బుల్లి చతురస్రాలను చూసి, బొమ్మ గీసి, తన పేరు బయటపెట్టకుండా లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. అవి టాబెల్లేరియా అనే మంచినీటి డయాటమ్‌లని తర్వాతివాళ్లు గుర్తుపట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా 12,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. పేరు లేనివి అంతకన్నా ఎక్కువే ఉంటాయని నిపుణుల అంచనా.

మరి ఇన్ని వేల జాతుల మధ్య ‘ఇది కొత్తది’ అని తేల్చేదెలా? అసలు కష్టమంతా అక్కడే ఉంది.

డయాటమ్ గోడ సబ్బుపెట్టెలా రెండు ముక్కలు. మూత కాస్త పెద్దది, అడుగు కాస్త చిన్నది. కణం రెండుగా చీలినప్పుడు ఒక పిల్లకు మూత, ఇంకో పిల్లకు అడుగు వాటాకు వస్తాయి. రెండూ తమకు దక్కిన ముక్కనే మూతగా ఉంచుకుని, దానిలో ఇమిడేలా కొత్త అడుగు కట్టుకుంటాయి. దాంతో అడుగు వాటాకు వచ్చిన పిల్ల తల్లికన్నా చిన్నదవుతుంది. తరాలు గడిచేకొద్దీ సగటు పరిమాణం తగ్గుతూ పోతుంది. మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1869లో ఎవరికి వారే ఈ సంగతి పట్టుకున్నారు. ఒక హద్దు దాకా తగ్గాక లైంగిక ప్రత్యుత్పత్తి జరిగి, పాత గోడలు వదిలేసి ఉబ్బిన కణం నుంచి మళ్లీ పూర్తి పరిమాణంతో కొత్త తరం మొదలవుతుంది.

పరిమాణంతో పాటు రూపమూ మారుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నది పొట్టిగా, మొండిగా అవుతుంది. అందుకే ఒకే జాతిలోని పెద్దదాన్నీ చిన్నదాన్నీ వేర్వేరు జాతులుగా రాసేసిన సందర్భాలు ఉన్నాయి. ఒక్క సిలికా పెంకు చూసి కొత్త జాతి అనడం కుదరదు. అదే నమూనాలోంచి పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చి, ఫొటోలు తీసి చూపించాలి. పొడవు ఎంత తగ్గినా పెంకు మీది గీతల ఒత్తు పెద్దగా మారదు. అందుకే 10 మైక్రాన్ల నిడివిలో ఎన్ని గీతలు పడుతున్నాయో లెక్కపెట్టడం ఈ పనిలో రోజూ చేసేదే.

గీతలు కనపడాలంటే ముందు పెంకు శుభ్రంగా ఉండాలి. ఏటి రాయిని టూత్‌బ్రష్‌తో తోమి ఆ కడుగునీటిని సీసాలో పడతారు. నిజంగానే చాలాచోట్ల దీనికి వాడేది మామూలు టూత్‌బ్రష్షే. ఆ మడ్డిని నైట్రిక్ ఆమ్లంలోనో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనో కాస్తే కణంలోని జీవపదార్థమంతా పోయి సిలికా గోడలు మాత్రం మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ మళ్లీ కడిగి, ఒక చుక్క అద్దం మీద ఆరబెడతారు. నీళ్లలో ఉంటే పెంకు అంచులు సరిగా కనపడవు. అందుకని కాంతిని బాగా వంచే నాఫ్రాక్స్ అనే బంకలో బిగించి, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద పెడతారు. పెంకు మీది మరీ సన్నని రంధ్రాలు చూడాలంటే బంగారమో ప్లాటినమో పలచగా పూత పూసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఎక్కించాల్సిందే.

ఇంత చూశాక కూడా పని సగమే. పోలిక ఉన్న పాత జాతులతో సరిచూడాలి. బొమ్మలతో సరిపెట్టుకోకుండా, వీలైతే అసలు స్లైడ్లతోనే చూడాలి. జర్మనీకి చెందిన బడిపంతులు ఫ్రీడ్రిష్ హుస్టెట్ రెండు వేలకు పైగా డయాటమ్ పేర్లు పెట్టాడు. ఆయన స్లైడ్లు బ్రెమర్‌హాఫెన్‌లో భద్రంగా ఉన్నాయి, నేటికీ పరిశోధకులు వాటిని తీసి చూస్తారు. కొత్త పేరు చెల్లాలంటే వివరణ లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండాలి. ఇంగ్లీషుకు అనుమతి వచ్చింది 2012లోనే. బొమ్మ తప్పనిసరి. ప్రామాణిక నమూనా ఏదో, అది ఏ సంస్థలో ఉందో రాయాలి. ఆ స్లైడే ఆ పేరుకు శాశ్వత సాక్ష్యం.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. దశాబ్దాల పాటు ఇక్కడి నీళ్లలో కనపడినవాటిని యూరప్ పుస్తకాల్లోని బొమ్మలతో పోల్చి, దగ్గరగా ఉన్న పేరు తగిలించేశారు. దీనివల్ల నష్టం పేరుతో ఆగదు. డయాటమ్‌లను బట్టి నీటి నాణ్యతను అంచనా కడతారు. గోంఫోనీమా పర్వులం అనే డయాటమ్ మురికిని తట్టుకునే జాతిగా పేరుపడింది. తేటనీటిలో మాత్రమే బతికే మన జాతి ఒకటి దానిలా ఉందని ఆ పేరే రాసేస్తే, శుభ్రమైన వాగు మురికివాగుల జాబితాలో పడుతుంది. పేరు సరిగ్గా ఉండాలనడానికి నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన కారణంగా కనిపిస్తుంది.

యూరప్ పేర్లు తగిలించే ఈ ధోరణికి ఎదురు నడిచినవారిలో హేమేంద్రకుమార్ పృథ్వీరాజ్ గాంధీ పేరు ముందు చెప్పుకోవాలి. కొల్హాపూర్, అహ్మదాబాద్, జోగ్ జలపాతం నీళ్లలో వెతికి, మామూలు మైక్రోస్కోపుతోనే ఎన్నో కొత్త జాతులను వర్ణించాడాయన. ఆయన కొల్హాపూర్‌లో నమోదుచేసిన గోంఫోనీమాలను కార్తీక్, కోసియోలెక్ అనే శాస్త్రవేత్తలు మళ్లీ పరిశీలించి 2012లో ప్రచురించారు.

తూర్పు కనుమల్లోనూ ఇలాంటి కొత్త డయాటమ్ ఒకటి బయటపడిందని మీకు తెలుసా? అక్కడి ఒక తేటనీటి నదిలో దొరికిన డయాటమ్‌కు జాతితో ఆగకుండా ఏకంగా కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరే పెట్టాల్సి వచ్చింది: ఇండికోనీమా. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థవారి ఈ పని సంగతి 2025లో వార్తల్లోకి వచ్చింది. గోంఫోనీమా కుటుంబంలో పెంకుకు తల వైపు, పాదం వైపు అని రెండు కొసలు ఉంటాయి. పాదం కొసన ఉండే సన్నని రంధ్రాల గుంపు నుంచి జిగురు కాడ వస్తుంది, దానితో రాయిని పట్టుకుంటుంది. ఇండికోనీమాకు మాత్రం ఆ రంధ్రాల గుంపు రెండు కొసలా ఉంది. పోలికలను బట్టి దీని దగ్గరి చుట్టం తూర్పు ఆఫ్రికాలోని ఆఫ్రోసింబెల్లా అయి ఉంటుందని ఆ పరిశోధకులు భావిస్తున్నారు. యూరప్ బొమ్మల్లోనే వెతుకుతూ కూర్చుంటే ఈ చుట్టరికం తగిలేదే కాదు.