పికప్ వేరు, టాప్ వేరు

విజయవాడ ఆటోనగర్‌లో నాది లేత్ షాపు. సిలిండర్ బోరింగ్, హెడ్ ఫేసింగ్, క్రాంకు పని రోజూ ఉండేవే. వాటితోపాటు డ్రాగ్ రేసులకు వెళ్లే కుర్రాళ్ల బండ్లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. "బాబాయ్, ఇంకో నాలుగు హెచ్‌పీ పెంచు" అనే వస్తారు అందరూ. "నీకు పికప్ కావాలా, టాప్ కావాలా?" అని అడుగుతాను. రెండూ అంటారు. రెండూ ఒకే పనితో రావు. పికప్‌కి అడ్డం పడేది బరువు, టాప్‌కి అడ్డం పడేది గాలి.

ముందు గాలి సంగతి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్ల అడ్డునీ రెట్టింపు వేగంతో తోసుకుంటూ పోవాలి కాబట్టి పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ఈ లెక్క మనకు తెలిసిన బండ్ల మీదే వేసి చూడండి. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కి 98 సీసీ ఇంజను, 11 హెచ్‌పీ. గంటకు దాదాపు 100 కిలోమీటర్లు పోతుంది. అదే బండి 300 పోవాలంటే పవర్ 27 రెట్లు, అంటే సుమారు 300 హెచ్‌పీ ఉండాలి. 1999లో సుజుకి తెచ్చిన హయబుసా నిజంగానే 300 దాటింది. దాని ఇంజను 175 హెచ్‌పీ దరిదాపుల్లోనే ఉంది. మిగతా 120 హెచ్‌పీ పని చేసింది దాని బాడీ. చూడ్డానికి బాగాలేదని చాలామంది వంకపెట్టిన ఆ ఉబ్బెత్తు ముక్కు, దాని వెనక నక్కి కూర్చునే భంగిమ కలిసి గాలిని పక్కలకు జార్చేస్తాయి. నాది ఉజ్జాయింపు లెక్కే. అయినా గాలిని తప్పించడం ఎంత పవర్‌తో సమానమో దానితో తెలిసిపోతుంది.

రోలీ ఫ్రీ అనే రైడర్‌కి ఇది ఒంటి మీది బట్టల దాకా తెలుసు. 1948 సెప్టెంబర్ 13న అమెరికాలో, యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో విన్సెంట్ బండి మీద గంటకు 150 మైళ్లు దాటాలని ఆయన ప్రయత్నం. కాస్తలో తప్పిపోతోంది. తోలు దుస్తులు గాలికి చిరిగిపోవడంతో వాటిని విప్పేసి, ఈత నిక్కరుతో బండి మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి చాచి తోలాడు. 150.313 మైళ్లు వచ్చింది, అంటే దాదాపు 242 కిలోమీటర్లు. ఇంజను అదే, ఇంధనం అదే. గాలికి అడ్డంగా నిలిచిన మనిషి తగ్గాడు, అంతే.

డ్రాగ్ రేసు దీనికి పూర్తిగా వేరు. పావు మైలు, 402 మీటర్లు, నిలబడ్డ చోటునుంచి. ఇక్కడ పెద్ద బండికి హద్దు పెట్టేది ఇంజను కాదు, ముందు చక్రం. మనిషితో కలిపి బండి బరువు మధ్యబిందువు వెనక టైరు నేలను తాకే చోటుకి 70 సెంటీమీటర్లు ముందు, నేలకి 70 సెంటీమీటర్లు ఎత్తున ఉందనుకోండి. అప్పుడు వేగం ప్రతి సెకనుకూ గంటకు 35 కిలోమీటర్ల కంటే ఎక్కువ పెరగబోతే ముందు చక్రం లేచిపోతుంది. ఇంజను 200 హెచ్‌పీ అయినా, 400 అయినా ఈ గీత కదలదు. కదలాలంటే బండిని కిందికి దించాలి, వెనక చక్రాన్ని ఇంకా వెనక్కి జరపాలి. డ్రాగ్ బండ్లకు స్వింగ్ ఆర్మ్ అంత పొడుగ్గా ఉండేది అందుకే. ఆ గీత దాటాక టైరు పట్టు చాలదు, అందుకని పరుగుకి ముందు టైరును తిప్పి వేడి చేస్తారు.

ఆర్‌ఎక్స్‌లాంటి చిన్న బండికి ఆ బాధ తక్కువ. బండి, మనిషి కలిసి 165 కిలోలనుకుంటే, 10 కిలోలు తగ్గించినా ముప్పావు హెచ్‌పీ పెంచినట్టే, పైసా ఖర్చు లేకుండా. ఆ తర్వాత వెనక స్ప్రాకెట్‌కి రెండు పళ్లు పెంచాలి. అప్పుడు పికప్ వస్తుంది, టాప్ పోతుంది. ఆపైన క్లచ్ వదిలే ఎడమ చెయ్యి. ఇవన్నీ అయ్యాకే నేను సిలిండర్ విప్పుతాను. రోడ్డు మీద పందేలు కట్టేవాళ్ల బండి మాత్రం ముట్టను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటైలో ట్రాక్ ఉంది, అక్కడ గీత దాటాక ఆగడానికి చోటుంది, ఎదురుగా ఎవరి పిల్లలూ రారు.

ఇక అందరూ అడిగే సైలెన్సర్. టూ స్ట్రోక్ ఇంజనులో సగం పని ఆ గొట్టమే చేస్తుంది. పొగ బయటికి కొట్టినప్పుడు పుట్టిన ఒత్తిడి అల గొట్టంలో పరుగెత్తి, వెడల్పయ్యే చోట వెనక్కి పీల్పును పంపి, కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. మళ్లీ ఇరుకయ్యే చోట గుద్దుకుని, బావిలోకి అరిచిన మాట తిరిగొచ్చినట్టు వెనక్కొస్తుంది. పోర్టు మూసుకునేలోపు వచ్చిందంటే, బయటికి జారిపోతున్న పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. ఈ విద్యలో ఆరితేరినవాడు తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే 1961 నాటికి 125 సీసీ ఇంజను నుంచి 25 హెచ్‌పీ తీశాడు. ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకిలో చేరాడు. 1962లో సుజుకి 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయింది. కాడెన్‌కి జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అల తిరిగొచ్చే సమయం గొట్టం పొడవును బట్టి ఉంటుంది కాబట్టి, అది ఒక ఆర్‌పీఎం దగ్గరే సరిగ్గా కలుస్తుంది. రేసు సైలెన్సర్ తెచ్చి ఊళ్లో తిరిగే బండికి తగిలిస్తే కింది గేర్లలో బండి లాగదు. ఆ కుర్రాళ్లు ఇంజను చెడిందనుకుని నా దగ్గరికి వస్తారు.

నాలాంటి లేత్ పనివాడికి ఆదర్శం న్యూజిలాండ్‌వాడు, బర్ట్ మన్రో. ఇన్వర్‌కార్గిల్‌లో ఉంటూ, 1920లో కొన్న 600 సీసీ ఇండియన్ స్కౌట్‌ని జీవితమంతా మార్చుతూనే ఉన్నాడు. పిస్టన్లు తనే పోతపోసుకున్నాడు, కనెక్టింగ్ రాడ్లు చేత్తో అరగదీసుకున్నాడు. కొన్నప్పుడు బండి టాప్ గంటకు 55 మైళ్లు. 1967లో, 68 ఏళ్ల వయసులో, బోనవిల్‌లో అదే బండి మీద 184 మైళ్లు తోలాడు, దాదాపు 296 కిలోమీటర్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం అందుకు 37 రెట్ల పవర్ కావాలి. ఇంజను పెరిగింది 600 నుంచి 950 సీసీకే. పోర్టులు, కంప్రెషన్, ఇంధనం మార్చి కొంత రాబట్టాడు. మిగతాది బండినీ తననూ కప్పేలా కట్టుకున్న చేప ఆకారపు తొడుగు నుంచి వచ్చింది.