కళ్ళెంలో దాగిన కొక్కెం: తోలుపనిలో తెలివి ఎవరిది?

తోలుపని గురించి మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ ఎక్కువగా అంటరానితనం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. పనిచేసేవాళ్ల అవమానం గురించి రాసినంతగా ఆ పనిలోని తెలివి గురించి రాయలేదు. తోలు ముట్టుకుంటే మైల అన్నవాళ్లు దాన్ని విప్పి చూడలేదు, సరే. మనమూ చూడకపోతే ఎట్లా? అందుకే ఇక్కడ ఒక చిన్న వస్తువును తీసుకుంటున్నాం. గుర్రపు కళ్ళెంలో బయటికి కనపడకుండా అమర్చే ఇనుప కొక్కెం అది. ఈ పనివాళ్లు దాన్ని హుక్ స్టడ్ అంటారు. ఇంగ్లండులో వాల్సాల్, మన దేశంలో కాన్పూర్ ఇటువంటి గుర్రపు సామానుకు పేరుపడ్డ ఊళ్లు.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సైన్యానికి జీనులు, కళ్ళేలు పెద్దఎత్తున కావలసి వచ్చాయి. 1860ల్లో కాన్పూర్‌లో ప్రభుత్వ జీను కర్మాగారం నడిచింది. తోలు తెలిసిన చమార్ కులస్తులు, ముస్లిం పేదలు ఆ ఊరి తోలు పరిశ్రమకు చేతులయ్యారు. 1920ల్లో స్వామి అఛూతానంద్ ఆది హిందూ ఉద్యమానికి కాన్పూర్ ఒక కేంద్రమైంది.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. గుర్రం నోట్లో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దానికి రెండు పక్కలా రింగులుంటాయి. చెంపల మీదుగా దిగే తోలు వారు, రౌతు చేతిలోని పగ్గం, రెండూ వచ్చి ఆ రింగుకే తగులుకోవాలి. మామూలుగా అయితే బకిల్ పెట్టొచ్చు. కాని బకిల్ ఉబ్బెత్తుగా ఉంటుంది, పగ్గం దానికి చిక్కుకోవచ్చు, చూపుకూ మొరటే. అందుకని వారు కొసను పలచగా చెక్కి, రింగులోంచి దూర్చి, గుర్రం వైపుకు మడుస్తారు. మడిచిన కొసకు ఒక బెజ్జం, దాన్నానుకుని సన్నని గాటు ఉంటాయి. వారు లోపలి ముఖాన ఉన్న కొక్కెం తల ఆ బెజ్జంలోకి దూరుతుంది. కొక్కెం మొన రింగుకు ఎదురుదిక్కున తిరిగి ఉంటుంది గనక ఎంత లాగితే అంత గట్టిగా కూర్చుంటుంది. ఎదుట నిలబడి చూసేవాళ్లకు తోలు తప్ప ఏమీ కనపడదు.

ఆ కొక్కేన్ని నిలబెట్టేది ఏమిటి? దాని అడుగున ఉండే చదును రేకు రెండు తోలు పొరల మధ్య కూర్చుంటుంది. తల మాత్రం లోపలి పొరకు కోసిన గాటులోంచి బయటికొస్తుంది. గాటు ఒక నూలువాసి పెద్దదైతే కొక్కెం ఊగుతుంది. చిన్నదైతే తోలు చిట్లుతుంది. తర్వాత చుట్టూ కుట్టు వేస్తారు. ఆరెతో బెజ్జం పొడిచి, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఒకే బెజ్జంలోంచి అటొకటి ఇటొకటి దూర్చే కుట్టు ఇది. అంగుళానికి 8 నుంచి 12 కుట్లు పడతాయి. దారానికి తేనెమైనం పట్టిస్తారు. మిషను కుట్టులో ఒక పోగు తెగితే పక్క కుట్లూ వదులవుతాయి. ఇందులో ఒకటి తెగినా రెండో పోగు పట్టుకునే ఉంటుంది. వారు కొసను అణిచిపట్టే తోలు ఉంగరాల అంచులు కూడా ఆ పొరల మధ్యకే పోయి అదే కుట్టులో బిగుస్తాయి. చివర రెండు మూడు కుట్లు వెనక్కి వేసి దారాన్ని నున్నగా కోసేస్తారు. ముడి ఉండదు.

ఈ దాపరికానికి ఒక ఖరీదుంది. కొక్కెం గుర్రం చెంప వైపే ఉంటుంది గనక నునుపుగా లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. రింగు దగ్గర తోలు మడిచినచోట చెమట, ఉమ్మి పట్టి పగుళ్లు వస్తాయి. బయటినుంచి చూస్తే తెలియదు. అక్కడ తెగితే గుర్రం రౌతు చేతిలో ఉండదు. కాబట్టి కొక్కెం విప్పి, మడత తెరిచి చూస్తుండాలి. దాచడం తెలిసినవాడికే ఎక్కడ తెరిచి చూడాలో తెలుస్తుంది.

దీన్ని చేతివాటం అని తేలిగ్గా తీసిపారేయలేం. బలం ఎటు లాగుతుంది, తోలు ఎక్కడ సాగుతుంది, జంతువు ఒంటికి ఏది హాని, ఇవన్నీ లెక్కగట్టిన జ్ఞానం ఇది. మన పల్లెల్లో మోట బానకు నీళ్లు కారకుండా తోలు కుట్టిన మాదిగలదీ ఇటువంటి జ్ఞానమే. బావులకు మోటార్లొచ్చాక బానలు పోయాయి. వాటిని ఎట్లా కుట్టేవాళ్లో రాసిపెట్టుకునే పని మాత్రం మనకు మిగిలిపోయింది.

ఈ జ్ఞానానికి చట్టంలో చోటెక్కడ? కాన్పూర్ గుర్రపు సామానుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకు ఆధారమైన చట్టం 1999లో చేశారు, 2003లో అమలులోకొచ్చింది. అది కాపాడేది ఊరి పేరును. ఆ పేరు మీద హక్కు కావాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అందుకు ఉత్పత్తిదారు అయి ఉండాలి. చేతివృత్తుల సరుకు విషయంలో ఈ చట్టం ఉత్పత్తిదారు అనే మాటలో తయారుచేసేవాడితో పాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవాణ్ణి కూడా చేర్చింది. అంటే ఆరె పట్టనివాడు కూడా ఉత్పత్తిదారే! కాగితాలు, లైసెన్సులు, ఆఫీసు భాష తెలిసిన వ్యాపారి ముందు ముక్కకింత అని కూలి తీసుకునే మనిషి ఎక్కడ నిలుస్తాడు? కొక్కెం దాగినట్టే, దాన్ని బిగించిన చెయ్యీ దాగిపోతుంది. తేడా ఒక్కటే. కొక్కేన్ని దాచింది పనితనం, చేతిని దాచింది కులం.

వృత్తిని మోయమని పిల్లలకు చెప్పడం మా ఉద్దేశం కాదు. వదిలేసే హక్కు అందరికీ ఉంది. కాని వదిలేసే ముందు అందులోని జ్ఞానాన్ని మన పేరుతో నమోదు చేయాలి. టీచర్లు, విద్యార్థులు తమ వాడలోని పెద్దల దగ్గర కూర్చుని ఆరె, రంపె, లందె, వారు వంటి మాటలతో పాటు ఏది ఎందుకు అట్లా చేస్తారో కూడా రాసుకోవాలి. కార్యకర్తలు ఉత్పత్తిదారు అనే మాటకు అర్థం మార్చమని అడగాలి. మడత తెరిచి చూడాల్సింది మనమే.