సి-పాప్ మాస్కు ధరించువారికి ముక్కు ఎండుట: అపాయము లేని ఉపశమన మార్గములు

గురక పెట్టి నిద్రించు మనిషిని చూచి "ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడు" అనుకొనుట మన పల్లెలలో పరిపాటి. ఆ గురక నడుమ హఠాత్తుగా నిశ్శబ్దము, పిమ్మట ఉలికిపాటుతో కూడిన పెద్ద ఊపిరి వినవచ్చినచో అది హాయి కాదు. నిద్రలో గొంతు కండరములు సడలి, గాలిదారి మూసికొనిపోయి, శ్వాస పది సెకండ్లో అంతకంటె ఎక్కువో ఆగిపోవుచుండును. వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అందురు. ఉదయము తలనొప్పి, రక్తపు పోటు పెరుగుట, పగలు కూర్చున్నచోటనే కునుకుపాట్లు దీని ఫలితములు. ట్రాక్టరు నడుపువానికి పట్టపగలు వచ్చు కునుకు ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధికి నేడు విరివిగా వాడబడుచున్న సాధనము సి-పాప్ యంత్రము. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సలివన్ అను వైద్యుడు దీనిని రూపొందించి, 1981 లో 'లాన్సెట్' వైద్య పత్రికయందు తన అనుభవమును ప్రకటించెను. ఇప్పటి యంత్రము చిన్న రేడియో పెట్టెయంత ఉండును. అది గదిలోని గాలిని వడగట్టి, గొట్టము ద్వారా ముక్కునకు అమర్చిన మాస్కులోనికి రాత్రియంతయు ఒక మాదిరి ఒత్తిడితో పంపును. ఆ ఒత్తిడియే గొంతును తెరచి ఉంచును. ఈ యంత్రము జబ్బును మాన్పదు. ధరించిన రాత్రి మాత్రమే కాపాడును. మానివేసినచో గురకయు, శ్వాస ఆగుటయు తిరిగి వచ్చును.

గడచిన శీతకాలమున పర్యటనలో నుండగా నేనొక మాజీ వార్డు సభ్యుని ఇంటికి పోవుట తటస్థించెను. బీరువాపైన తువాలులో చుట్టి పెట్టిన ఈ యంత్రము నా కంటబడినది. ఎంతో సొమ్ము పోసి కొన్నదే. "ఇరువది దినములు పెట్టుకొంటిని. ముక్కు మండిపోయినది, లోపల పెచ్చులు కట్టినవి, నెత్తురు కూడ కనబడినది. ఎవరో చెప్పగా కొబ్బరినూనె పోసికొంటిని. దగ్గు పట్టుకొన్నది. ఇక నా వలన కాదని పైన పెట్టితిని" అని ఆయన చెప్పెను. మాటల నడుమనే రెండుమార్లు ఆయన తల వాలిపోయినది. యంత్రము చెడలేదు, వైద్యుడు చెప్పినదియు తప్పు కాదు. ముక్కు ఎండినది, అంతే. ఆ చిన్న యిబ్బందికి సరియైన ఉపాయము చెప్పువారు లేక, పెద్ద జబ్బునకు మందే మానివేయబడినది. ఊరిలో ఎవరికి ఏ కష్టము వచ్చినను తొలుత తొక్కునది పంచాయితీ సభ్యుల గడపయే గనుక ఈ సంగతి వారు తెలిసికొనుట మంచిది.

ముక్కు ఎందుకు ఎండును? మనము పీల్చు గాలిని ముక్కు లోపలి మెత్తని పొర వేడిచేసి తేమ కలుపును. ఊపిరితిత్తులను చేరునప్పటికి గాలి శరీరపు వేడికి, అనగా 37 డిగ్రీలకు వచ్చి, పూర్తిగా తేమతో నిండి యుండును. ఊపిరి విడుచునప్పుడు ఆ తేమలో కొంత ముక్కునకు తిరిగి దక్కును. ఇది ఇచ్చి పుచ్చుకొను వ్యవహారము. యంత్రము వాడువాడు నిద్రలో నోరు తెరచినచో ఈ లెక్క తప్పును. ముక్కులోనికి వచ్చిన గాలి నోటివెంట బయటికి పోవును. ముక్కు తేమను ఇచ్చుచునే యుండును గాని తిరిగి పొందదు. అంతట లోపలి పొర ఎండి, వాచి, దిబ్బడ వేయును. ముక్కు దిబ్బడ వేసినకొలది నోరు మరింత తెరచుకొనును. అందుచే ఉదయము నాలుక పిడచగట్టుకొని లేచువాడు తన ముక్కు మంటకు కారణము నోటియందున్నదని గ్రహింపవలెను. ఇట్టివారు వైద్యుని అడిగి, గడ్డమునకు ఆనించు పట్టీనో, ముక్కును నోటిని కలిపి కప్పు మాస్కునో వాడవచ్చును.

కావలసినది నీటి తేమ, నూనె కాదు. చాల యంత్రములకు గాలిని తేమపరచుటకై హ్యుమిడిఫయరు అను చిన్న నీటి తొట్టె ఉండును. అది నీటిని వెచ్చజేసి గాలికి ఆవిరి కలుపును. ఆ మాజీ సభ్యుని యంత్రమునకును ఈ తొట్టె ఉన్నది. కాని దానిలో ఒక్కనాడును నీరు పోయలేదు! తేమ ఎంత ఉండవలెనో మార్చుకొనుటకు యంత్రముపై అంకెలుండును. రెండు మూడు రాత్రులకొకసారి ఒక్కొక్క అంకె పెంచి చూడవలెను. ఇది రోగి స్వయముగా చేసికొనదగినదే. ఒత్తిడిని మాత్రము వైద్యుని సలహా లేక ముట్టకూడదు. చలి దినములలో ఆవిరి గొట్టములోనే చల్లబడి, నీరై మొగముపై చిలుకుట గలదు. అప్పుడు తేమను ఒక అంకె తగ్గించి, గొట్టమునకు గుడ్డ చుట్టవలెను. యంత్రమును తలగడకంటె పల్లములో ఉంచినచో నీరు ముక్కువైపునకు పారదు.

తొట్టెలో పోయవలసినది స్వేదన జలము, అనగా డిస్టిల్డ్ వాటరు. బోరునీరు పోసినచో, నీరు కాచు బిందె అడుగున తేలునట్టి తెల్లని పెచ్చు తొట్టెలోను కట్టును. మెకానికు షాపులలో బ్యాటరీలకు పోయు నీరు అమ్ముదురు. అది ఊపిరి పీల్చుటకై తయారు చేసినది కాదు గనుక దానిని వాడరాదు. మందుల షాపులో అడిగి తెప్పించుకొనవలెను. ఒకటి రెండు రాత్రులకు దొరకనిచో మరగించి చల్లార్చిన నీటితో గడపవచ్చును. మిగిలిన నీటిని ప్రతి ఉదయము పారబోసి, తొట్టెను కడిగి ఆరబెట్టి, రాత్రికి క్రొత్త నీరు పోయవలెను. నీలగిరి తైలము, కర్పూరము, తలనొప్పి బాము వంటివి ఆ నీటిలో కలుపుట ఎంతమాత్రమును తగదు.

ఇక నూనె సంగతి. ముక్కు ఎండినప్పుడు నెయ్యియో నూనెయో రాయుట మన పెద్దలు ఎరిగిన చిట్కాయే. దానిని నేను ఎగతాళి చేయను. కాని రాత్రియంతయు ఒత్తిడితో గాలి లోనికి పోవుచుండగా ముక్కులో నూనె చుక్కలుండుట వేరు సంగతి. నూనె అణువులు ఊపిరితిత్తులలోనికి దిగినచో శరీరము వాటిని తేలికగా తొలగించుకొనలేదు. దినదినమును ఇట్లే జరిగినచో ఒక విధమైన న్యుమోనియా రావచ్చును. వాజిలైను వంటి పెట్రోలియము జెల్లియు ఇట్టిదే. పైగా అది మాస్కు మెత్తను పాడుచేయును. యంత్రముతోపాటు ఆక్సిజన్ కూడ పెట్టుకొనువారికి నూనెలవలన మంట అంటుకొను ప్రమాదము సైతము కలదు. రాయదలచినచో నీటితో తయారైన ముక్కు జెల్లిని వైద్యుని అడిగి వాడవలెను.

అన్నిటికంటె సులువైన ఉపశమనము సెలైన్ చుక్కలు. ఇది ఉప్పునీరే, మందుల షాపులో ముక్కు కొరకే చిన్న సీసాలలో అమ్ముదురు. పడుకొనుటకు ముందు, ఉదయము లేచిన పిదప వేసికొనవచ్చును. ఒకరి సీసా మరొకరు వాడకూడదు. సగము వాడి మిగిలిన ఇంజెక్షను సెలైను బాటిలులోనిది తెచ్చి పోసికొనువారు అచ్చటచ్చట కలరు. అది తగదు, ఒకసారి తెరచిన బాటిలులో క్రిములు చేరును. ఉప్పునీటితో ముక్కు కడుగుకొనువారు, జలనేతి చేయువారు కుళాయి నీటిని, చెరువు నీటిని ఎన్నడును వాడరాదు. మరగించి చల్లార్చిన నీరే వాడవలెను. వెచ్చని మంచినీటిలో బ్రతుకు ఒక సూక్ష్మజీవి త్రాగినప్పుడు హాని చేయదు గాని, ముక్కుగుండ మెదడును చేరినచో ప్రాణము తీయగలదు. 2024, 2025 సంవత్సరములలో కేరళ రాష్ట్రమున ఈ రోగము పలువురికి సోకినది.

ముక్కుదిబ్బడ తీయు మందు చుక్కలు క్షణములో హాయినిచ్చును. అందుకే ప్రమాదకరము. మూడు నాలుగు దినములకు మించి వాడినచో దిబ్బడ మునుపటికంటె హెచ్చగును. రక్తపు పోటు గలవారు వైద్యుని అడుగక ముట్టకూడదు.

ముక్కు పైభాగమున, రంధ్రముల అంచున పుండ్లు పడుటకు తరచు మాస్కు బిగింపే కారణము. మాస్కు పట్టీ ముకుతాడు కాదు. గాలి కారకుండ నిలుచునంత బిగువు చాలును. దానిని కూర్చుండి కాక, పడుకొని, యంత్రము నడచుచుండగా సవరించుకొనవలెను. అయినను ఒరయుచున్నచో కొలత తప్పినదన్నమాట. అమ్మినవారిని అడిగి మరియొక కొలత మార్పించుకొనవలెను. మెత్తను ప్రతిదినము తేలిక సబ్బునీటితో కడిగి నీడలో ఆరవేయవలెను. కుప్పనూర్పుల కాలమున, మిరపకాయలు తొక్కు దినములలో గాలిని వడగట్టు జల్లి త్వరగా మూసికొనిపోవును. ఆ దినములలో వారమునకొకసారి చూచుకొని, కడుగదగినదైన కడిగి, కానిచో క్రొత్తది వేయవలెను.

నెత్తురు కారినచో తల వెనుకకు వాల్చరాదు. కూర్చుండి, ముందునకు వంగి, ముక్కు మెత్తని భాగమును పది పదిహేను నిమిషములు విడువక నొక్కి పట్టవలెను. అప్పటికిని ఆగనిచో, తరచు కారుచున్నచో, చీము, జ్వరము, మొగము నొప్పి కలిగినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. రక్తము పలుచబడు మందులు వాడువారు అంతవరకు ఆగక ముందే పోవలెను. పోవునప్పుడు మాస్కును, గొట్టమును, వీలైనచో యంత్రమును కూడ వెంట తీసికొని పోవలెను. ఎచ్చట ఒరయుచున్నదో, తొట్టెలో ఏ నీరు పోయుచున్నారో చూడక వైద్యుడు చెప్పగలది స్వల్పము.