కిర్ష్నర్ కోల్పోని కుడిచేయి

చిత్రంలోని మనిషి మనఃస్థితిని తెలుసుకోవడానికి చూపరి మొదట అతని ముఖాన్నే పరిశీలిస్తాడు. అయితే ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో జర్మనీలో వేళ్లూనుకున్న ఎక్స్‌ప్రెషనిజం, అనగా కంటికి కనిపించే రూపాన్ని ఉన్నదున్నట్లు దించక లోపలి అనుభూతికి తగినట్లుగా ఆకారాన్నీ రంగునూ మార్చి వేసే చిత్రకళా ధోరణి, భావాన్ని ముఖానికే పరిమితం చేయలేదు. 1905లో డ్రెస్డెన్‌లో ‘డీ బ్రూకె’ అనే చిత్రకారుల బృందాన్ని స్థాపించిన నలుగురిలో ఒకడైన ఎర్నస్ట్ లుడ్విగ్ కిర్ష్నర్, 1915లో తనను తాను సైనికుడిగా చిత్రించుకున్న తైలవర్ణచిత్రం ఇందుకు బలమైన నిదర్శనం.

ప్రస్తుతం అమెరికాలోని ఓబర్లిన్ కళాశాల మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో ముఖం దాదాపు ఏమీ చెప్పదు. పసుపు కలిసిన చర్మం, పెదవుల నుంచి వేలాడే సిగరెట్, పాపలు లేని శూన్యమైన కళ్లు, వీటిలో ఏడుపు గానీ కోపం గానీ కానరాదు. ఆ ముఖం దాచినదంతా పైకెత్తిన కుడిచేతిలో బయటపడుతుంది: అది మణికట్టు దగ్గర తెగి, పచ్చి గాయంతో మొండిగా నిలిచి ఉంది. నీలి యూనిఫాం అంచులకు వాడిన ఎరుపే గాయంలోనూ పలుకుతుండడం వల్ల, గాయానికి కారణం ఆ దుస్తులేనన్న స్ఫురణ మాటల అవసరం లేకుండానే కలుగుతుంది. ఎరుపంటే కోపం, నీలమంటే విచారం అని నిఘంటువు చూసినట్లు అర్థాలు చెప్పుకుంటే ఈ బంధం చేజారిపోతుంది; రంగుకు భావం దాని పక్కనున్న రంగువల్లనే వస్తుంది.

నిజానికి కిర్ష్నర్ చేయి ఎన్నడూ తెగలేదు. భుజపట్టీ మీది 75 అంకె సూచించే ఫిరంగిదళంలో శిక్షణ పొందుతూనే మానసికంగా, శారీరకంగా కుంగిపోయిన అతణ్ణి 1915లో సైన్యం విడిచిపెట్టింది. అయినా ఈ సంగతిని ముందే తెలుసుకుని బొమ్మ దగ్గరకు వెళ్లినవారు యుద్ధభయం అన్న ఒక్క మాటతో తృప్తిపడే ప్రమాదం ఉంది. బొమ్మనే ముందు చదివితే భయం మరింత నిర్దిష్టంగా తెలుస్తుంది: వెనుక నగ్నంగా నిలిచిన మోడల్, ఆమె పక్కన కాన్వాసు ఉన్నాయి, కుంచె పట్టే చేయి మాత్రం లేదు. చిత్రకారుడిగా ఇక బతకలేనేమోనన్న భయమది.

1937లో మ్యూనిక్‌లో ‘పతన కళ’ అంటూ నాజీలు పెట్టిన ప్రదర్శనలో ఈ చిత్రానికి ‘వేశ్యతో సైనికుడు’ అన్న పేరు తగిలించారు. చిత్రంలో ఎవరున్నారో మాత్రమే చూసి, ఎలా ఉన్నారో చూడని దుర్మార్గపు పఠనం అది. ఎందుకంటే ఆ సైనికుడు ఆమె వైపు తిరిగి ఉండడు, ఆమెను చూడడు, చూసే కళ్లు కూడా అతనికి లేవు.