కాలేయ రోగి మణికట్టు మీద ఉండవలసిన మాటలు

అమెరికాలో డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఉన్న ఇర్వింగ్ నగరంలో, లాస్ కొలీనాస్, వ్యాలీ రాంచ్ వంటి ప్రాంతాలలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలతో పాటు, విజిటర్ వీసా మీద వచ్చి నెలల తరబడి పిల్లల దగ్గర ఉండి వెళ్లే తల్లిదండ్రులూ కనిపిస్తారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనుమలు బడికి వెళ్లిన పగటివేళ ఇంట్లోనో నడకదారిలోనో ఒంటరిగా ఉండే ఈ పెద్దలలో ఎవరికైనా సిరోసిస్ ఉంటే, అంటే కాలేయం ఏళ్ల తరబడి దెబ్బతిని, మచ్చలు కట్టి, గట్టిపడి తన పని తాను చేసుకోలేని స్థితికి వచ్చి ఉంటే, ఆ సంగతి చెక్కిన మెడికల్ ఐడీ గొలుసో బిళ్ళో వారి చేతికో మెడకో ఉండటం అవసరమనడానికి బలమైన వైద్య కారణాలున్నాయి.

వాటిలో మొదటిది మెదడుకు సంబంధించినది. తిన్న మాంసకృత్తులు పేగులలో విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే అమోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మార్చి మూత్రం ద్వారా బయటికి పోయేలా చేస్తుంది. సిరోసిస్‌లో ఆ పని కుంటుపడటంతో అమోనియా, మరికొన్ని విషపదార్థాలతో పాటు రక్తంలో నిలిచి మెదడును చేరి, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు, చాచిన చేతులు పక్షి రెక్కల్లా కొట్టుకోవడం, ముదిరితే స్పృహ తప్పడం వంటి లక్షణాలను కలిగిస్తుంది. హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ అనే ఈ స్థితి రాకుండా, వచ్చినా త్వరగా తగ్గేలా లాక్ట్యులోజ్ అనే సిరప్ ఇస్తారు. చిక్కేమిటంటే, ఇది చూసేవారికి తాగిన మైకంలానో, పక్షవాతంలానో, చక్కెర పడిపోయినట్లో కనిపిస్తుంది. ఇర్వింగ్‌లో 911కు ఫోన్ చేస్తే వచ్చేది నగర అగ్నిమాపక శాఖ అంబులెన్సు. ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చిన పెద్దాయన తెలుగులో ఏదో గొణుగుతుంటే, ఆ తడబాటు భాషదా, మెదడుదా అన్నది తేల్చుకోవడం అందులో వచ్చిన సిబ్బందికి దాదాపు అసాధ్యం.

రెండవది రక్తస్రావం. గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పారలేక వెనక్కి తన్నడంతో అన్నవాహికలోని సిరలు ఉబ్బి, ఒక్కొక్కసారి చిట్లి రక్తపు వాంతి అవుతుంది. ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకోవడంతో వాటి సంఖ్య తగ్గుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను కూడా కాలేయం తగినంతగా తయారు చేయలేదు. కాబట్టి ఇటువంటి మనిషి స్నానాల గదిలో జారిపడి తలకు చిన్న దెబ్బే తగిలినా దాన్ని పెద్ద ప్రమాదంగానే పరిగణించాలి.

మాత్రల విషయంలో మన ఇళ్లలో ఉన్న అవగాహన చాలావరకు తలకిందులుగా ఉంటుందనే చెప్పాలి. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న కాంబిఫ్లామ్, వోవెరాన్ పట్టీలు సిరోసిస్ రోగికి నిజంగా ప్రమాదకరం. వాటిలోని ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మూత్రపిండాలను దెబ్బతీసి రక్తస్రావాన్ని పెంచగలవు. లివర్‌కు చెడ్డదని అందరూ భయపడే పారాసెటమాల్ మాత్రం, వైద్యుడి సలహాతో సాధారణంగా రోజుకు 2 గ్రాములు మించకుండా వాడదగినదే. డోలో 650 మాత్రలు మూడు వేసుకుంటేనే 1,950 మిల్లీగ్రాములు అవుతాయి కనుక ఆ హద్దు ఎంత దగ్గరలో ఉందో గమనించాలి. నిద్రమాత్రలు, మత్తుమందులు మెదడు మందగింపును రేపగలవు.

ఈ ఆభరణం చరిత్ర కూడా మందు వికటించిన సంఘటనతోనే మొదలైంది. కాలిఫోర్నియాలోని టర్లాక్‌లో 1953లో మారియన్ కాలిన్స్ అనే వైద్యుడి కుమార్తెకు ధనుర్వాతం మందు పడక ప్రాణం మీదికి వచ్చిన తరువాత, అటువంటి ప్రమాదం మళ్లీ రాకుండా ఆయన కుటుంబం చేయించిన చేతి గొలుసే 1956లో మెడిక్‌అలర్ట్ సంస్థ స్థాపనకు దారితీసింది. దాని మీది పాము చుట్టుకున్న కర్ర గుర్తు అత్యవసర సిబ్బందికి సుపరిచితం. స్పృహలేని మనిషి మణికట్టునూ మెడనూ చూడాలని వారికి శిక్షణలో చెబుతారు. ఫోన్‌లో కూడా ఇటువంటి వివరాలు పెట్టుకునే సౌకర్యం ఉంది గాని, చార్జింగ్ అయిపోయిన ఫోన్, ఇంట్లో మరచిపోయిన ఫోన్ ఏమీ చెప్పలేవు.

తెలుగువారి నగల అలవాటు ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అరడజను బంగారు గాజుల మధ్య మరో బంగారు గొలుసు, మంగళసూత్రాల పక్కన వేంకటేశ్వరస్వామి బిళ్ళలా మెరిసే మరో బిళ్ళ ఎవరి కంటికీ వైద్య సమాచారంగా తోచవు. అందువల్ల ఎర్రటి వైద్య గుర్తు స్పష్టంగా ఉన్న, బంగారు రంగు లేని బిళ్ళే ఉత్తమం. కాలేయ రోగులకు నీరు పట్టి ఒళ్లు ఉబ్బడం, తరువాత కండ కరిగి మణికట్టు సన్నబడటం రెండూ ఉంటాయి కనుక సర్దుకునే వీలున్న గొలుసు కావాలి. చర్మం దురద పెట్టే జబ్బు కూడా కనుక నికెల్ లేని లోహాన్ని ఎంచుకోవాలి. చెక్కించే అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలి, నాలుగైదు వరుసలకు మించకూడదు: పేరు, సిరోసిస్, రక్తస్రావ ప్రమాదం, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు వద్దు, ఇంట్లో వారి ఫోన్ నంబరు. మిగిలిన మందుల జాబితా పర్సులోని కార్డులో సరిపోతుంది.

సిరోసిస్ ఉందన్న మాట బయటికి తెలియడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. లివర్ చెడిందంటే తాగుడే కారణమని నలుగురూ అనుకుంటారన్న జంకు అది. కాని తాగుడొక్కటే కారణం కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహంతోనూ ఊబకాయంతోనూ జతకట్టే కొవ్వు కాలేయం, చుక్క కూడా ముట్టని వారిలో సిరోసిస్‌కు దారితీయగలవు. గుడిలో ఎవరో చూస్తారని బిళ్ళను చొక్కా చేతుల కింద దాచడం, దాన్ని అసలు పెట్టుకోకపోవడంతో సమానం.

కాలేయం మారితే బిళ్ళ మీది మాటలూ మారాలి. ఇర్వింగ్ పక్కనే డాలస్‌లోని బేలర్ ఆసుపత్రిలో 1984లోనే కాలేయ మార్పిడి మొదలైంది. మార్పిడి జరిగిన వ్యక్తి సిరోసిస్ అన్న పాత బిళ్ళను తీసివేసి, కొత్తగా చేయించిన దాని మీద కాలేయ మార్పిడి, టాక్రోలిమస్ వాడకం అన్న మాటలు చెక్కించుకోవాలి. ఎందుకంటే కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే ఆ మందు వాడేవారికి సాధారణ జ్వరం కూడా ఆలస్యం లేకుండా వైద్యం చేయవలసిన స్థితే.