బండ పరిచిన వాకిట్లో కూరతోట

అహాబు రాజుకు కూరతోట కావాలనిపించింది. ఏలడానికి ఇశ్రాయేలు దేశమంతా ఉంది. అయినా తన నగరుకు ఆనుకుని ఉన్న నాబోతు ద్రాక్షతోట మీదే కన్నుపడింది. పితరుల స్వాస్థ్యం ఇవ్వనని నాబోతు అనేసరికి రాజు అన్నం మాని మంచమెక్కాడు. చివరికి ఆ ఆశ ఒక నిరపరాధిని రాళ్లతో కొట్టించి చంపింది (1 రాజులు 21). నాలుగు కూరల కోసం!

మేము తాండూరులో అద్దె ఇంటి పైవాటాలో ఉంటాం. తాండూరంటే కందులు, బండలు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక నాపరాయి సంగతి చెప్పాలా? మా వాకిలంతా ఆ బండలే. ఊడ్వడానికి హాయి, మొక్కకు మాత్రం జానెడు మన్ను లేదు. మిద్దె మీద పెంచుతామంటే ఇంటి యజమానురాలు, మేము పెద్దమ్మా అని పిలిచే ఆమె, నవ్వింది. "బండ మీద ఏం మొలుస్తది బిడ్డా?"

మొలిచింది. పాత బేసిన్లలో నాలుగు అంగుళాల మన్ను పోసి టమాట గింజలు చల్లితే చకచకా లేచాయి. ఎండ ముదిరేసరికి వాడి చచ్చాయి. విత్తువాని ఉపమానం ఎన్ని ఆదివారాలు వినలేదు! లోతు లేని మన్నులో గింజ త్వరగా మొలుస్తుందని ప్రభువు చెప్పిన సంగతి (మత్తయి 13:5, 6) మాకు ఆ బేసిన్ల దగ్గరే తట్టింది. త్వరగా మొలిచిందని మురిసిపోయాం కూడా.

తర్వాత పెయింటు బకెట్లు తెచ్చాం. రంధ్రాలు పెట్టకపోవడంతో వేళ్లు కుళ్లాయి. రంధ్రాలు పెట్టి నేల మీదే ఉంచితే నీళ్లు నిలిచి, స్లాబులోకి దిగి, పెద్దమ్మ వంటగదిలో కారాయి. ఆమె ఒక మాట అంది, మేము రెండన్నాం. మూడు వారాలు మాటల్లేవు. ఒకే చర్చి, ఒకే వరుస బెంచీలు. బల్ల ఆదివారం వచ్చింది. సహోదరునికి మన మీద ఏమైనా ఉంటే ముందు వెళ్లి సమాధానపడమన్న మాట (మత్తయి 5:23, 24) గొంతులో ముల్లయింది. ఆ ఉదయమే మెట్లు దిగి, తప్పు మాదేనని ఒప్పుకున్నాం. మరమ్మతు ఖర్చు మేమే పెట్టుకున్నాం.

ఇప్పుడు డబ్బాలన్నీ ఇటుకల మీద, పిట్టగోడ వారనే ఉంటాయి. తడి మన్ను చాలా బరువు, మిద్దె నడుమ పెట్టకూడదు. పాలకూర, మెంతికూర, కొత్తిమీరకు ఆరేడు అంగుళాల మన్ను చాలు. టమాట, వంకాయలకు అడుగు లోతు కావాలి. ఎర్రమన్ను, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలుపుతాం, గుప్పెడు వేపపిండి అదనం. సిమెంటు సంచులు కూడా వాడతాం గానీ బాగా ఉతికాకే. ఆ పొడి మన్నును పాడుచేస్తుంది. మే నెలలో పచ్చటి నీడవల కట్టకపోతే ఏదీ నిలవదు. పురుగు పట్టి ఈ ఏడు బెండ మొత్తం పోయింది.

తమది కాని బబులోనులో ఉన్నవారికే కదా, తోటలు నాటి ఫలాలు తినమని యిర్మీయా ఉత్తరం రాసింది (29:5). అద్దె ఇళ్లలో ఉండే మనకు ఆ ఉత్తరం ఎంత దగ్గరిదో!

మేము వికారాబాదు వెళ్లిన రోజుల్లో నీళ్లు పోసేది పెద్దమ్మే. బంతిపూలు మాత్రం అడగకుండానే కోసుకుంటుంది.